తెల్లబట్ట

బాలమణి పోయాక ఆ ఇంట్లో ప్యాడ్లు తెచ్చేవాళ్లు లేకుండా పోయారు.

ఆమెకు ఒక్కతే కూతురు, ఆమని. పదో తరగతి. తల్లి ఉన్నప్పుడు షామీర్‌పేట మెడికల్ షాపులో కొని, నల్ల కవర్లో చుట్టించుకొచ్చి, బీరువా కింది అరలో చీరల వెనక పెట్టేది. అయిపోవస్తుంటే ఆమెకే తెలిసేది. ఆమని నోరు తెరిచి అడగాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు ఇంట్లో తండ్రి జనార్ధన్, నాయనమ్మ సత్యమ్మ, ఆమని మిగిలారు. కవరు ఖాళీ అయింది. తండ్రికి ఎట్లా చెప్పాలో ఆమనికి తెలియలేదు. చెప్పాలని గట్టిగా అనిపించనూ లేదు.

ఆ నెల ఆమని బయట చేరినప్పుడు సత్యమ్మ సంగతి గ్రహించింది. వెనక గదిలో చాప వేసి, బీరువా తెరిచి, కోడలి పాత నూలు చీర ఒకటి బయటికి తీసింది. ఆకుపచ్చ మీద పసుపు చుక్కల చీర. బాలమణి ఇంటి పనులప్పుడు కట్టుకునేది. సత్యమ్మ అంచును పళ్లతో కొరికి బర్రున చింపింది.

"కట్టుకునేటోళ్లు లేరు గద. మెత్తగుంటది, వాడుకో."

ఆమని తీసుకుని మడతలు పెట్టింది. అమ్మ చీర అట్లా చింపుతుంటే మనసు కలుక్కుమనాలని ఆమెకు తెలుసు. ఏమీ కాలేదు. గుడ్డ చిరిగిన చప్పుడు విన్నది, అంతే.

వాళ్ల ఊరు కరీంనగర్ రోడ్డు మీద తూంకుంట దాటాక కాస్త లోపలికి ఉంటుంది. ఒకప్పుడు వాళ్లకు అక్కడ ద్రాక్షతోట ఉండేది. ఇప్పుడది ప్లాట్లయింది. జనార్ధన్ మట్టిరోడ్లు వేయించి, రంగు జెండాలు పాతి, రోడ్డు పక్కన చిన్న ఆఫీసు పెట్టుకున్నాడు. వచ్చినవాళ్లను కార్లో తిప్పి చూపిస్తాడు. మాటకారి. ఊళ్లో ఏ పంచాయితీ వచ్చినా ఆయన్నే పిలుస్తారు. భార్య పోయాక ఇంట్లో మాత్రం ఆయనకు మాటలు కరువయ్యాయి. పొద్దున చెప్పులు తొడుక్కుంటూ "తిన్నవా బిడ్డా?" అంటాడు. "తిన్న నాయినా" అంటుంది ఆమని. తిన్నా తినకపోయినా అదే జవాబు.

బాలమణికి వచ్చిన రోగానికి ఇంట్లో ఎవరూ పేరు పెట్టలేదు. అడిగినవాళ్లకు సత్యమ్మ "కడుపుల గడ్డ" అని చెప్పేది. జనార్ధన్ "లోపల బాగలేదు" అనేవాడు. కానీ ఆమనికి కళ్లున్నాయి. అమ్మ తన లంగాలు విడిగా ఉతుక్కోవడం, బాత్రూం వెనక తీగ మీద వేరే చీర కింద దాచి ఆరేసుకోవడం చూసింది. గదిలో పొద్దస్తమానం అగరొత్తులు వెలుగుతుండేవి. ఆమని పక్కన పడుకుంటానంటే అమ్మ "ఉక్కపోస్తాంది, అటు పండుకో" అని జరిపేది. ఒకరోజు బాత్రూంలో తెల్లబట్ట మరకలున్న లంగా కంటపడింది. "ఏందమ్మా గిది?" అని అడిగితే బాలమణి దాన్ని గబుక్కున బకెట్లో ముంచి "ఆడోళ్లకు ఉండేదే తీయ్" అంది. ఆ తర్వాత నెత్తురు. ఆ తర్వాత పట్నంలో పెద్ద దవాఖాన. మళ్లీ ఇల్లు. ఎండలు ముదిరిన రోజుల్లో ప్రాణం పోయింది.

ఆ రోజు ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆమని తలను రొమ్ముకు అదుముకుని "ఏడువు బిడ్డా, ఏడిస్తే తేలికైతది" అన్నారు. ఆమని ప్రయత్నించింది కూడా. వాకిట్లో నీళ్ల ట్యాంకర్ పైపు సరిగా బిగించక నీళ్లు కారుతున్నాయి. ఎవరైనా దాన్ని బిగిస్తే బాగుండునని చూస్తూ కూర్చుంది.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున స్నానానికి బట్టలు విప్పుతూ ఆమని తన లోదుస్తుల మీద తెల్లటి మరక చూసింది. అది కొత్తది కాదు. పెద్దమనిషి అయినప్పటి నుంచీ అప్పుడప్పుడూ ఉన్నదే. ఇన్నాళ్లూ దానిమీద ఆమె దృష్టి నిలవలేదు. ఆ పొద్దున నిలిచింది. అమ్మ లంగా గుర్తొచ్చింది.

నాకూ వచ్చింది, అనుకుంది.

భయం వేయలేదు. ఎక్కాల్సిన బస్సు దూరంగా కనబడితే లేచి నిలబడినట్టు మాత్రం అనిపించింది.

బాత్రూం గూట్లో పుండ్లు కడిగే మందు సీసా ఉంది. అమ్మ మంచాన పడ్డప్పుడు పక్కబట్టలు ఉతకడానికి తెచ్చింది. ఆమని దాన్ని నీళ్లలో పోసుకుని కడుక్కుంది. మంట నెత్తికెక్కింది. గోడ పట్టుకుని పళ్లు బిగించి నిలబడింది. అమ్మ పోయిన తర్వాత ఆమె ఒంటికి ఏదైనా తెలియడం అదే మొదలు. మండుతున్నదంటే లోపలిది చస్తున్నదని లెక్కేసుకుంది. మర్నాడూ చేసింది. ఆ తర్వాత స్కూలుకు పోయే ముందొకసారి, వచ్చాక ఒకసారి అలవాటైపోయింది.

ఆగస్టులో స్కూలుకు ఆరోగ్యశాఖ నుంచి ఒక మేడమ్ వచ్చింది. ఆడపిల్లలందరినీ పై గదిలో కూర్చోబెట్టి, తలుపు దగ్గరకు వేసి, గోడకు బొమ్మల చార్టు తగిలించారు. సైన్సు పుస్తకంలో ఆ పాఠం ఉంది గానీ సారు "ఇంటికాడ చదువుకోండ్రి" అని దాటేశాడు. కిందినుంచి మగపిల్లల అరుపులు వినబడుతున్నాయి. ముందు బెంచీవాళ్లు నోటికి చున్నీలు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. మేడమ్ ఇంకో స్కూలుకు పోవాల్సిన తొందరలో ఉంది.

"ఈ వయసులో శుభ్రత చాలా ముఖ్యం పిల్లలూ. శుభ్రంగా లేకపోతేనే రోగాలొస్తాయి. డౌట్లుంటే అడగండి."

ఎవరూ అడగలేదు. ఆమని పక్కన కూర్చున్న తూబా చెయ్యి ఎత్తబోయి, అందరూ తిరిగి చూస్తుంటే దించేసింది. ఆమని చెవిలో పడింది ఒక్కటే మాట. శుభ్రంగా లేకపోతే రోగం. ఆ సాయంత్రం మందు ఇంకొంచెం ఎక్కువ పోసుకుంది.

ముసురు పట్టి వారమంతా ఎండ రాలేదు. నెలసరి గుడ్డలు ఉతికి బాత్రూం వెనక ఆరేస్తే ఎంతకీ ఆరేవి కావు. సత్యమ్మ "మగోళ్ల కంట్ల పడొద్దు" అని వాటి మీద పాత దుప్పటి కప్పేది. తడి పోకముందే ఆమని వాటినే మళ్లీ పెట్టుకునేది. దురద మొదలైంది. తర్వాత వాపు, పుండు. తెల్లబట్ట తగ్గకపోగా పెరుగులా విరిగి రాసాగింది. ఒంటేలుకు కూర్చుంటే నిప్పు పోసినట్టుండేది. అందుకని ఆమని నీళ్లు తాగడం మానేసింది.

తూబా వాళ్లదీ ఆ ఊరే. వాళ్ల నాన్న ఫరీద్ కొత్త ఇళ్లు కట్టేవాళ్లకు సిమెంటు, ఇసుక తోలతాడు. చిన్నప్పటి నుంచి ఇద్దరూ ఒకే ఆటోలో స్కూలుకు పోతారు. ఆ రోజు ఆటో గుంతలో పడి ఎగిరినప్పుడు ఆమని పెదవి కొరుక్కోవడం తూబా చూసింది. స్కూలు దగ్గర దిగాక చెయ్యి పట్టి ఆపింది.

"ఏమైందే నీకు? నీ నడుసుడే మారింది."

"ఏం గాలే."

"ఏం గాలేదా? నీళ్లు తాగవు, బాత్రూంకు రావు, బెంచి మీద ఒక్కపక్కకు కూసుంటవు. నాకు కండ్లు లేవా?"

ఆమని గేటు వైపు చూసింది. "మా అమ్మ బీమారి నాకొచ్చింది." రేపు స్కూలుకు సెలవని చెప్పినట్టే చెప్పింది.

తూబా పట్టిన చెయ్యి వదలకుండా "ఎవరు జెప్పిండ్రు?" అంది.

"ఎవరు జెప్పాలె? నేనే సూసుకున్న. ఎవ్వలకు జెప్పకు."

"చెప్ప" అంది తూబా.

ఆ మాట ఆమె నిలబెట్టుకునేదేమో. కానీ మూడో పీరియడ్‌లో బోర్డు దగ్గరికి పిలిస్తే ఆమని లేచి, రెండడుగులు వేసి, అక్కడే కూలబడింది. ఒళ్లు కాలిపోతున్నది. టీచరు జనార్ధన్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఫరీద్‌కు చేస్తే ఆయన బండి పంపాడు. తూబా ఆమెను తన ఇంటికే తీసుకుపోయింది. వాళ్లమ్మ ఖమర్ మంచం మీద పడుకోబెట్టి, నిమ్మరసం కలిపి చెంచాతో పట్టించింది. వద్దని ఆమని మొహం తిప్పుకుంటుంటే తూబా ఇక ఉండలేక, ఉన్నదంతా తల్లికి చెప్పేసింది.

ఖమర్ పిల్లను తిట్టలేదు. ఆమని నుదుటి మీద చెయ్యి వేసి, "యా అల్లా, గిన్ని దినాలు ఒక్కదానివే మోసినవా బేటా?" అంది. ఆమని పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. తూబా మాట తప్పినందుకు కోపం రావాలి. అదీ రాలేదు.

పొద్దు వాలుతుండగా ఖమర్ ఆమనిని వెంటబెట్టుకుని వాళ్లింటికి వచ్చింది. సత్యమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నది.

"పెద్దమ్మా, పిల్లను జల్దీ దవాఖానల సూపెట్టాలె. తెల్లబట్ట అయితాందట. అంతా పుండైంది."

సత్యమ్మ చేతులు ఆగాయి. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "మెల్లగ మాట్లాడు ఖమరూ. ఒంట్ల ఏడి చేసుంటది, గంతే. సబ్జా గింజలు నానబెట్టి తాగిస్త. పెండ్లి కావాల్సిన పిల్ల. గసొంటి దవాఖానల కూసున్నదని నలుగురికి తెలిస్తే ఏమనుకుంటరు?"

"ఏమన్న అనుకోని. బాలమణక్కకు గూడ గిట్లనే..." అని ఖమర్ నాలుక కరుచుకుంది.

అప్పుడే జనార్ధన్ కారు వచ్చి ఆగింది. ముగ్గురినీ, ముగ్గురి మొహాలనూ చూసి ఆయన వాకిట్లోనే నిలబడిపోయాడు.

"ఏంది ఖమరమ్మా? ఏమైంది?"

ఖమర్ చున్నీ తల మీదికి లాక్కుంది. ఆయన వైపు కాకుండా గోడ వైపు చూస్తూ మాట్లాడింది. "అన్నా, తప్పుగ అనుకోకు. గిది నేను నీతో అనే మాట కాదు. గని చెప్పెటోళ్లు లేరు. నీ బిడ్డకు ఆడోళ్ల తకలీఫ్ ఉన్నది. ఒంటేలుకు పోవాల్నంటే భయమైతాందని నీళ్లు తాగుడు బంద్ జేసింది. వాళ్లమ్మ బీమారే తనకొచ్చిందనుకుంటాంది."

జనార్ధన్ చేతిలో తాళాలు ఉన్నాయి. వాటిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. సత్యమ్మ "ఏం లేదురా, ఏడి" అనబోతే "నువ్వాగమ్మా" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో ఎవరైనా గొంతు పెంచడం అదే మొదటిసారి. తర్వాత ఖమర్‌తో, "రేపు పొద్దుగాల మేడ్చల్ పోదాం. నువ్వు గూడ రావాలె ఖమరమ్మా. నాకు ఏం అడగాల్నో తెల్వదు" అన్నాడు.

మేడ్చల్‌లో ఆడవాళ్లను చూసే డాక్టరు పేరు సృజన. జనార్ధన్ లోపలికి రానని కార్లోనే ఉండిపోయాడు. ఖమర్, ఆమని వెళ్లారు. సృజన ముందు ఖమర్‌ను బల్ల పక్కన కూర్చోబెట్టి, ఆమనినే అడిగింది. ఎప్పుడు మొదలైంది, ఎట్లుంటుంది, ఏం వాడావు. మందు సంగతి చెప్పినప్పుడు డాక్టరు రాయడం ఆపి తలెత్తింది.

"లోపల పోసుకున్నవా?"

"ఆఁ."

"ఎందుకు?"

"శుభ్రం కావాలని."

చూడొచ్చా అని అడిగి, తెర వేసి, ఖమర్‌ను పక్కనే నిలబడమంది. ఎక్కడ చెయ్యి వేస్తున్నదీ ముందే చెబుతూ త్వరగా చూసి ముగించింది. ఆమని తెరమీది నీలం గళ్లను చూస్తూ పడుకుంది. ఆ ఒళ్లు తనది కాదన్నట్టుంది.

మళ్లీ బల్ల దగ్గర కూర్చున్నాక సృజన కుర్చీ ముందుకు లాక్కుంది.

"విను ఆమనీ. నీకు మీ అమ్మ జబ్బు లేదు. ముందు ఆ మాట మనసులకెళ్లి తీసెయ్. నువ్వు చూసినవే, రోజూ కొంచెం తెల్లగా, అది రోగం కాదు. నోట్ల ఉమ్మి ఉంటది, కంట్ల తడి ఉంటది. అట్లనే ఇది. నాకుంటది, ఈ అమ్మకుంటది. లోపలి భాగం తనను తానే కడుక్కుంటది. మనం సబ్బు గానీ మందు గానీ లోపల పోయొద్దు. పైపైన మామూలు నీళ్లు సాలు."

"మరి గిప్పుడు పెరుగు తీర్గ అయితాంది?"

"అది మందు తెచ్చిన తంటా. లోపల మనకు మేలు చేసేవి కొన్ని ఉంటయి. మందు వాటిని చంపింది, తోలును కాల్చింది. తడి గుడ్డలతోని ఇంకింత పెరిగింది. మందులిస్త, తగ్గిపోతది. ఇంకోసారి దురద పెట్టినా, వాసనొచ్చినా, రంగు మారినా, నెల మధ్యల నెత్తురు కనబడినా సొంతంగ ఏం చెయ్యకు. ఇక్కడికి రా. గుడ్డలు వాడితే తప్పు లేదు, కానీ ఉతికి ఎండల ఆరెయ్యాలె. ఎండ తగలకుంటే వాడొద్దు."

ఆమని తలూపింది. సంతోషం కలగాలని ఎదురు చూసింది. అది రాకముందే వేరే ప్రశ్న వచ్చింది.

"మా అమ్మకు వచ్చింది ఏంది మరి?"

బాలమణి పాత రిపోర్టులు ఖమర్ బయల్దేరేటప్పుడే జనార్ధన్‌ను అడిగి తెచ్చింది. సృజన వాటిని చూసి, మెల్లగా చెప్పింది. "గర్భసంచి మూతి దగ్గర క్యాన్సర్. ఒక వైరస్ వల్ల వస్తది. అమ్మ ఏం తప్పు చెయ్యలే, మురికి వల్ల వచ్చింది గూడ కాదు. ఏండ్లకేండ్లు లోపల మెల్లగ పెరుగుతది. దానికి టీకా ఉంది. నీ వయసుల వేసుకుంటే మంచిది, నీకు తగ్గినంక మాట్లాడుకుందాం. పెండ్లయిన ఆడోళ్లకు పరీక్ష ఉంది."

"పరీక్ష చేసుంటే?"

డాక్టరు రిపోర్టులు మడిచి పక్కన పెట్టింది. ఖమర్ కిటికీ వైపు తిరిగింది.

"ముందే దొరికితే మస్తుమందికి నయమైతది" అంది సృజన. "మీ అమ్మకు అయ్యేదా అంటే, నేను చెప్పలేను తల్లీ. అబద్ధం చెప్పను."

"మంచిది" అంది ఆమని. ఎందుకట్లా అన్నదో ఆమెకే తెలియలేదు.

సృజన జనార్ధన్‌ను లోపలికి పిలిపించింది. మందులు, ప్యాడ్లు, నీళ్లు, ఎండ అంటూ ఒక్కొక్కటీ ఆయనకే చెప్పింది. ఆయన పంచాయితీలో దోషిలా తలవంచుకుని విన్నాడు. బయటికి వచ్చాక ఎదురుగా ఉన్న మెడికల్ షాపులోకి వెళ్లాడు. చాలాసేపు రాలేదు. ఏది కావాలో తెలియక, అడగలేక, షాపువాడు చూపినవన్నీ కట్టించుకుని పెద్ద సంచీతో వచ్చాడు. వెనక సీట్లో ఆమని పక్కన పెట్టి, "సూస్కో, ఏది మంచిగుంటే అది జెప్పు. గదే తెస్త" అన్నాడు. షామీర్‌పేట మలుపు దగ్గర కళ్లు తుడుచుకోవడం అద్దంలో కనబడింది.

మందులు వాడాక మంట చల్లారింది. పుండు మానింది. ఆమని మళ్లీ నీళ్లు తాగుతున్నది, బెంచి మీద సరిగ్గా కూర్చుంటున్నది. తూబాతో మాట్లాడుతున్నది కూడా. ఒళ్లు బాగయింది గానీ లోపల మాత్రం మొద్దుబారినట్టే ఉంది. ఒక ఆదివారం మధ్యాహ్నం సత్యమ్మ పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ డాక్టరు చెప్పిందంతా వరసగా చెప్పింది. చివర్లో అడిగింది.

"అమ్మ నీకు జెప్పిందా అవ్వా? మొదట్ల?"

సత్యమ్మ చాట దించింది.

"చెప్పింది."

"నువ్వేమన్నవ్?"

"ఏడి అన్న. సబ్జా గింజలు తాగుమన్న. వాసనొస్తాంది అత్తా అంటే, అగరొత్తులు పెట్టుకోమన్న." సత్యమ్మ చాటలోని బియ్యం వేళ్లతో కెలికింది. "నాకు తెల్సిందే గంత. ఆడోళ్లకు లోపల ఏదో ఒకటి ఉంటనే ఉంటదనుకున్న. నాకే కిందికి దిగి ఏండ్లాయె. నేనెవ్వలకు జెప్పిన? బతుకుతలేనా? గట్లనే అది గూడ బతుకుతదనుకున్న."

"ఏం దిగింది?"

ముసలమ్మ గోడ వైపు తిరిగి చెప్పింది. జనార్ధన్ తర్వాత ఇంకో కాన్పయింది, ఆ పిల్ల దక్కలేదు. తోటలో కోతల కాలం. పచ్చి ఒంటితోనే ద్రాక్షగంపలు ఎత్తింది. అప్పుడు గర్భసంచి జారడం మొదలైంది. కూర్చున్నా, దగ్గినా బయటికి వస్తుంది. చేత్తో లోపలికి నెట్టుకుని గోచీ బిగించుకుంటుంది. బస్సులో నిలబడి కీసర పోయిన రోజైతే నడవలేకపోయింది. ఈ సంగతి తెలియకుండానే మొగుడు పోయాడు.

ఆమని విన్నది. అమ్మకు సబ్జా గింజలు తాగించిన మనిషి ఈమే. తిట్టాలా, దగ్గరికి తీసుకోవాలా తేల్చుకోవడానికి ఆమెలో ఏదీ కదలలేదు. రాళ్లు ఏరిన బియ్యం గిన్నెలో పోసి, "మేడ్చల్ పోదాం" అంది.

"ఛీ! గీ వయసుల నన్ను అక్కడ విప్పుకొమ్మంటవా? సచ్చినా రాను."

"పోదాం అవ్వా."

సత్యమ్మ తిట్టింది, అలిగింది, అన్నం మానేసింది. ఆమని బతిమాలలేదు. వాదించనూ లేదు. పొద్దున టీ ఇస్తూ "పోదాం" అనేది. సాయంత్రం కాళ్లకు నూనె రాస్తూ "పోదాం" అనేది. గొంతులో కోపం లేదు, జాలి లేదు. ఆ అడగడానికే ముసలమ్మ విసిగిపోయి, చివరికి ఒక పొద్దున పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని వచ్చి కారులో కూర్చుంది. జనార్ధన్‌కు "మోకాళ్ల నొప్పులు" అని చెప్పింది.

సృజన గదిలో సత్యమ్మ కుర్చీ అంచున కూర్చుని కొంగు నమలడం మొదలుపెట్టింది.

"ఏం తకలీఫ్ అమ్మా?"

"మోకాళ్లు గుంజుతున్నయి."

డాక్టరు ఆమని వైపు చూసింది.

"గర్భసంచి కిందికి జారింది మేడమ్" అంది ఆమని. "మా నాయిన చిన్నగున్నప్పటి సంది. దగ్గితే బయటికొస్తది. చేత్తోని నూక్కుంటది. ఒంటేలు ఆగదు. ఎవ్వలకు జెప్పలే."

సత్యమ్మ మనవరాలి మొహం చూసింది. అందులో సిగ్గు లేదు, మరే భావమూ లేదు. బస్సు నంబరు చెప్పినంత మామూలుగా ఆ మాటలు బయటికి వచ్చేశాయి. ముసలమ్మ కొంగు వదిలేసింది. "అవు" అని ఒప్పుకుంది.

ఆపరేషన్ చేస్తే సరిపోతుందని, ఈ వయసులోనూ చేయొచ్చని సృజన చెప్పింది. పరీక్షలు రాసిచ్చింది. కార్లో కూర్చున్నాక జనార్ధన్ బండి స్టార్ట్ చేస్తూ "ఏమన్నరమ్మా మోకాళ్లకు?" అన్నాడు.

"ఏం లేదు. నూనె రాస్కొమ్మన్నది."

"మోకాళ్లు కావు నాయినా" అంది ఆమని వెనక నుంచి. "అవ్వకు గర్భసంచి జారింది. ఆపరేషన్ చెయ్యాలె."

కారు కదలలేదు. సత్యమ్మ సీట్లో ఒదిగిపోయింది. వెనక ఆటోవాడు హారన్ కొట్టీ కొట్టీ పక్కనుంచి వెళ్లిపోయాడు.

"ఎప్పటి సంది?" అన్నాడు జనార్ధన్.

"నువ్వు లాగులేసుకునే కాడ్నుంచి."

"నాకెందుకు జెప్పలే అమ్మా?"

"కొడుక్కు ఎట్ల జెప్తరురా గసొంటియి?"

ఆయన ఇంజను ఆపి తల్లి వైపు తిరిగాడు. తర్వాత అడిగాడు. "ఎప్పుడు చేస్తరట?"

బతుకమ్మ పండుగ అయ్యాక ఆపరేషన్ జరిగింది. ఖమర్ రోజూ అన్నం పంపేది. సత్యమ్మను వార్డులోకి తెచ్చిన మధ్యాహ్నం ఆమని మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. జనార్ధన్ మందుల కోసం కిందికి పోయాడు. మత్తు ఇంకా పూర్తిగా వదలలేదు. సత్యమ్మ కళ్లు తెరవకుండానే పెదవులు కదిపింది.

"బాలమణీ... గిన్ని నీళ్లియ్యే."

ఆ పేరు ఇంట్లో ఎవరూ పైకి అని ఎన్ని నెలలైందో. ఆమని అటూ ఇటూ చూసింది. పక్క మంచంలోని ఆమె నిద్రపోతున్నది.

"ఓ బాలమణీ."

"ఆఁ" అంది ఆమని.

"దూప అయితాంది."

"ఇప్పుడే తాగొద్దన్నరు. పెదవులు తడుపుత, ఉండు."

దూది నీళ్లలో ముంచి ముసలమ్మ పెదవులకు అద్దింది. చెయ్యి సన్నగా వణికింది. వణుకుతున్న చేతిని ఆమని కాసేపు వింతగా చూసుకుంది. మళ్లీ దూది ముంచింది. తలుపు దగ్గర తండ్రి మందుల కవరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ పేరు ఆయనకూ వినబడినట్టుంది. లోపలికి వచ్చి, నీళ్ల గ్లాసు ఆమని చేతికి అందేలా దగ్గరికి జరిపి, మంచం అంచున కూర్చున్నాడు.